మొదటి టిప్పర్ కదలకముందే గొయ్యి సంగతి తేల్చుకోండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గ్రావెల్ తవ్వకాల మీద ఈసారి ఉత్తరాలు బాగానే వచ్చాయి. కొన్ని ప్రశ్నలు ఒకేలా ఉంటే కలిపేశాను. పేర్లు వెయ్యొద్దన్నవాళ్లు ఎక్కువ, అందుకే ఎవరి పేరూ వెయ్యడం లేదు.

ప్రశ్న: ఆనందపురం మండలంలో మాకు మూడెకరాల మెట్ట ఉంది. జీడితోట ఉండేది, హుద్‌హుద్‌కి పడిపోయింది, మళ్లీ వేసినా సరిగ్గా అందుకోలేదు. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు వచ్చి గ్రావెల్‌కి ఇమ్మంటున్నాడు. పర్మిషన్లన్నీ తనే చూసుకుంటాడట, తవ్వాక చదును చేసి అప్పజెప్తాడట, ట్రిప్పుకి ఇంతని డబ్బు ఇస్తాడట. మా సొంత జిరాయితీ భూమే. సంతకం పెట్టొచ్చా?

జవాబు: పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు, అది మీ అవసరాన్ని బట్టి ఉంటుంది. కానీ ఆయన చెప్పిన రెండు మాటలు, "నేనే చూసుకుంటా", "చదును చేసి ఇస్తా" అన్నవి, ఈ రెండూ కాగితం మీదకి వచ్చేదాకా మాత్రం పెట్టకండి.

ముందు పర్మిషన్ సంగతి. భూమి మీదే అయినా గ్రావెల్ మీ ఇష్టానికి అమ్ముకునే సరుకు కాదు. 1957 నాటి గనుల చట్టం కింద గ్రావెల్ చిన్న తరహా ఖనిజం, దాని మీద రూల్స్ రాసుకునే అధికారం రాష్ట్రానికి ఉంది, మనకి 1966 నాటి చిన్న తరహా ఖనిజాల రూల్స్ అవే. అంటే గనుల శాఖ ఇచ్చే లీజు కావాలి, సీనరేజి, అంటే తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి చెల్లించే రుసుము, కట్టాలి. ఆ లీజు ఎవరి పేరున వస్తుందో అడగండి. మీరు పట్టాదారుగా అంగీకార పత్రం ఇచ్చి ఆయన పేరున లీజు తీసుకుంటే బాధ్యత ఆయన మీద ఉంటుంది. అసలు లీజే లేకుండా తవ్వి, రేపు ఎవరో ఫిర్యాదు చేస్తే, కాంట్రాక్టరు ఫోను స్విచాఫ్ అవుతుంది, నోటీసు మాత్రం అడంగల్‌లో పేరున్నవాళ్ల ఇంటికొస్తుంది. అక్రమంగా తవ్విన ఖనిజాన్ని, అది అమ్ముడైపోతే దాని ధరని వసూలు చేసే అధికారం గనుల చట్టం 21వ సెక్షన్‌లోనే ఉంది. 2015 సవరణ తర్వాత శిక్ష అయిదేళ్ల జైలు దాకా, జరిమానా హెక్టారుకి 5 లక్షల రూపాయల దాకా వెళ్లొచ్చు. మీకొచ్చే ట్రిప్పు డబ్బులు ఆ లెక్క ముందు ఏ మూలకి?

ఇక వరస చెప్తాను. తహసీల్దారు ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ, సర్వే, గుర్తింపు ఉన్న నిపుణుడు తయారుచేసిన మైనింగ్ ప్లాన్, దానికి గనుల శాఖ ఆమోదం, పర్యావరణ అనుమతి, కాలుష్య నియంత్రణ మండలి నుంచి తవ్వకం పెట్టడానికి ఒక సమ్మతి, నడపడానికి ఇంకొకటి. ఇవన్నీ అయ్యాక లీజు ఒప్పందం, ఆ తర్వాతే లారీలకి పాసులు. మూడెకరాలకి ఇంత తతంగం ఎందుకని చాలామంది అడుగుతారు. అయిదు హెక్టార్ల లోపు చిన్న లీజులకి పర్యావరణ అనుమతి అక్కర్లేదనే మాట ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉంది కానీ, 2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. పెద్ద కొండని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ముక్క చిన్నది కదా అని అనుమతి తప్పించుకోవడం అప్పటికే అలవాటైపోయింది మరి. ఇప్పుడు మీ పొలానికి 500 మీటర్లలోపు అలాంటివే వేరే లీజులుంటే అన్నిటినీ కలిపి ఒక గుంపుగా లెక్కేస్తారు, మొత్తం అయిదు హెక్టార్లు, అంటే పన్నెండెకరాల పైచిలుకు దాటితే ప్రజాభిప్రాయ సేకరణ కూడా పెట్టాల్సిందే. మీ చుట్టుపక్కల ఎన్ని తవ్వకాలున్నాయో ఒకసారి చూసుకోండి. నెలలో పనైపోతుందని కాంట్రాక్టరు అంటే నమ్మకండి.

అసలు విషయం గొయ్యి. మీ మూడెకరాలు నలుచదరంగా ఉన్నాయనుకుందాం, ఒక్కో పక్క సుమారు 110 మీటర్లు. మైనింగ్ ప్లాన్లలో సరిహద్దు చుట్టూ 7.5 మీటర్లు తవ్వకుండా వదలడం మామూలు. అది వదిలితే మిగిలేది రెండుంపావు ఎకరాలు. మూడు మీటర్ల లోతు తవ్వి, గట్లు ఏటవాలుగా ఉంచితే పాతిక వేల ఘనపు మీటర్ల గ్రావెల్ బయటికెళ్తుంది. టిప్పర్‌కి పది ఘనపు మీటర్లు వేసుకున్నా రెండున్నర వేల ట్రిప్పులు. తవ్వాక మట్టి గుల్లబారుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే అవుతాయి. ఇప్పుడు చెప్పండి, "పూడ్చి చదును చేసి ఇస్తా" అన్న మనిషి అదే రెండున్నర వేల టిప్పర్ల మట్టిని డబ్బు పెట్టి ఎక్కడినుంచి తెచ్చి పోస్తాడు? పొయ్యడు. ఎవడూ పొయ్యడు. కాబట్టి పూడ్చమని అడగకండి, జరిగేదాన్ని అడగండి.

ఏం అడగాలంటే, మొట్టమొదట పైమట్టి. మన వైపు గోతి అంచున నిలబడి చూడండి, పైన జానెడు, ఎక్కువైతే మూరెడు ముదురు రంగు మట్టి, వేర్లు కనిపిస్తూ ఉంటుంది, దాని కింద ఎర్ర గ్రావెల్, ఇంకా కిందకి వెళ్తే తెల్ల సుద్ద మచ్చలతో చేత్తో నలిపితే నలిగే మెత్తరాయి. విశాఖ చుట్టుపక్కల కొండలు చాలావరకు ఖొండలైట్ రాయి, అది వానకీ ఎండకీ వేల ఏళ్లు శిథిలమైతేనే ఈ గ్రావెల్. పంట పండేది పైనున్న ఆ జానెడు పొరలోనే. పొక్లెయిన్ వాడు దాన్ని గ్రావెల్‌తో కలిపి ఎత్తేస్తే మీ పొలం ఇక పొలం కాదు. అందుకే మొదటి రోజు పైమట్టి ఒక్కటే గీకించి సరిహద్దు వెంట వదిలిన ఆ 7.5 మీటర్ల జాగాలో గట్టుగా పోయించండి. ఎత్తు మనిషెత్తు దాటొద్దు, ఎత్తుగా పోస్తే అడుగున గాలాడక మట్టి చస్తుంది. దాని మీద జనుమో జీలుగో చల్లితే వానకి కొట్టుకుపోదు.

రెండోది లోతు, గట్టు. ఒప్పందంలో లోతు మీటర్లలో రాయించండి, "గ్రావెల్ ఉన్నంతవరకు" అనే మాట ఉంటే కొట్టేయించండి. ఆరు మీటర్లు దాటినా, రోజుకి యాభై మంది మించి పనిచేసినా, పేలుడు మందు వాడినా గనుల భద్రతకి సంబంధించిన చట్టం పూర్తిగా వర్తిస్తుంది, మీ పొలం అధికారికంగా గని అవుతుంది. గ్రావెల్‌లాంటి వదులు నేలలో గట్టు వాలు 45 డిగ్రీలు మించకూడదని, మెట్లుగా తవ్వితే మెట్టు ఎత్తు మీటరున్నర దాటకూడదని, వెడల్పు ఎత్తుకి తగ్గకూడదని 1961 నాటి గనుల భద్రతా నిబంధనల్లో ఉంది. మీ గొయ్యి ఆరు మీటర్ల లోపే అయినా ఆ కొలతలే ఒప్పందంలో రాయించండి. నిట్టనిలువు గోడలా కోసి వదిలేసిన గోతుల్లోనే కదా ప్రతి వానాకాలం ఈతకి దిగిన పిల్లలు పైకి ఎక్కలేక పోయారని వార్తలు వస్తున్నది.

మూడోది నీళ్లు. మన దగ్గర అక్టోబరు, నవంబరు తుపాన్లలో ఒక్క రోజులో కురిసే వాన గోతిలోకి దిగితే ఎర్రనీళ్లు పొంగి కింద పల్లపు పొలాల్లోకి, గెడ్డలోకి పోతాయి. పై నుంచి వచ్చే నీళ్లు గోతిలో పడకుండా చుట్టూ కాలువ, అది గెడ్డలో కలిసేముందు మట్టి పేరుకోడానికి ఒక తొట్టి. గోతి అడుగు ఒక మూలకి వాలేలా చేయిస్తే ఆ మూల చిన్న చెరువులా ఉంటుంది, మిగతాది సాగుకొస్తుంది. గోతి మిగిలిపోయాక బతికే పద్ధతి నా దృష్టిలో ఇదే.

ట్రిప్పు లెక్క డబ్బు గురించి ఒక్క ముక్క. ట్రిప్పులు లెక్కపెట్టడానికి రాత్రీ పగలూ మీరక్కడ కూర్చోలేరు. గొయ్యి కొలిచి ఘనపు మీటర్ల మీద డబ్బు తీసుకోండి, తవ్వకముందు ఒకసారి, తవ్వాక ఒకసారి లైసెన్స్ ఉన్న సర్వేయరుతో లెవెల్స్ తీయించండి. పైన చెప్పిన పనులన్నీ పూర్తయ్యేదాకా కొంత సొమ్ము మీ దగ్గర డిపాజిట్‌గా ఉంచుకోండి. దానికి ఒప్పుకోని కాంట్రాక్టరు చదును చేస్తాడని మాత్రం ఆశ పెట్టుకోకండి.

ప్రశ్న: మాది కూడా పొలమే కానీ డి-ఫారం పట్టా. ఊళ్లో కొందరు అలాంటి భూముల్లోనే తవ్వుకుంటున్నారు. మేమూ ఇవ్వొచ్చా? (పెందుర్తి వైపు నుంచి)

జవాబు: ఇవ్వకండి. ఆ భూమి మీకు సాగుకోసం ఇచ్చింది, గ్రావెల్ అమ్ముకోవడం షరతు ఉల్లంఘన అవుతుంది, పట్టా రద్దు చేసి భూమి వెనక్కి తీసుకునే వీలుంటుంది. 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో, మీ సర్వే నంబరు ఉందేమో ముందు చూసుకోండి. పక్కవాళ్లు తవ్వుతున్నారంటే వాళ్లకి ఇంకా నోటీసు రాలేదని అర్థం.

ప్రశ్న: మా ఊరి పక్కన ఆరు నెలలుగా కొండవాలు తవ్వుతున్నారు. రాత్రి పదకొండు దాటాక టిప్పర్లు వరసగా వెళ్తుంటే మంచాలు కదులుతున్నాయి, బట్టలు ఆరేస్తే ఎర్రగా అవుతున్నాయి, మా అత్తగారికి ఆయాసం. అడిగితే, "ఇది హైవే పనికి వెళ్లే మట్టి, దీనికి పర్యావరణ అనుమతి అక్కర్లేదు" అంటున్నారు. నిజమేనా? ఎవరికి చెప్పుకోవాలి సార్? (భీమిలి ప్రాంతం, ఒక గృహిణి)

జవాబు: అమ్మా, ఇప్పుడు ఆ మాట అలా ఊరికే చెల్లదు. రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకి తీసే మామూలు మట్టికి అనుమతి అక్కర్లేదని కేంద్రం 2020 మార్చి 28న ఒక నోటిఫికేషన్ ఇచ్చింది, లాక్‌డౌన్ పెట్టిన మూడో నాలుగో రోజది. ఎవరి అభ్యంతరాలూ అడక్కుండా, ఎంత తీయొచ్చో పరిమితి లేకుండా ఇచ్చిన ఆ మినహాయింపుని సుప్రీంకోర్టు 2024 మార్చి 21న కొట్టేసింది. 2025 మార్చిలో కేంద్రం ఇలాంటి పనులకి మళ్లీ మినహాయింపు ఇచ్చింది కానీ, ఈసారి పరిమాణానికి పరిమితి, షరతులు పెట్టింది. కాబట్టి హైవే పేరు చెప్తే ఊరుకోవాల్సిన పని లేదు, ఆ మాట అన్నవాళ్లని అనుమతి ఉత్తరం గానీ, మినహాయింపు తమకి వర్తిస్తుందనే కాగితం గానీ చూపించమనండి.

చూపించకపోయినా మీరు తెప్పించుకోవచ్చు. పర్యావరణ అనుమతి వచ్చాక దాని కాపీ పంచాయతీకి ఇవ్వాలి, పంచాయతీ దాన్ని 30 రోజులు అందరికీ కనపడేలా పెట్టాలి, ఇది నిబంధనే. ఊరి సచివాలయానికి వెళ్లి ఆ కాపీ అడగండి. పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కూడా దొరుకుతాయి, పిల్లలెవరైనా ఫోన్లో వెతికిపెడతారు. అక్కడా లేకపోతే సమాచార హక్కు కింద గనుల శాఖ జిల్లా ఆఫీసుకి పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఏం అడగాలో స్పష్టంగా రాయండి: ఫలానా సర్వే నంబరులో లీజు ఎవరి పేరున, ఎంత విస్తీర్ణం, ఎప్పటిదాకా, ఇప్పటికి ఎంత పరిమాణానికి పాసులిచ్చారు. ఈ చివరిది చాలా ముఖ్యం. పాసులిచ్చింది పది వేల ఘనపు మీటర్లకై, అక్కడ గొయ్యి ముప్పై వేలదైతే మిగతా ఇరవై వేలు ఎలా వెళ్లాయో వాళ్లే చెప్పాలి.

అనుమతి ఉత్తరంలో షరతులుంటాయి, అందరూ మొదటి పేజీ చూసి వదిలేస్తారు, మీరు చివరిదాకా చదవండి. పని వేళలు, దారిలో నీళ్లు చల్లడం, టార్పాలిన్ కప్పడం, చుట్టూ మొక్కలు, పైమట్టి దాచడం, తవ్వకం అయ్యాక నేలని ఏం చెయ్యాలి అన్నవన్నీ అందులోనే ఉంటాయి. షరతులు ఎలా అమలు చేస్తున్నారో ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి రెండు నివేదికలు లీజుదారు ఇవ్వాలి. అవి కూడా సమాచార హక్కులో అడగొచ్చు. అడిగితే ఒక్కోసారి మొక్కలు ఏపుగా పెరిగిన ఫొటోలు వస్తాయి, ఆ తోట ఏ ఊళ్లో ఉందో మాత్రం వెతుక్కోవాలి!

టిప్పర్ పాసు మీద లారీ నంబరు, ఎక్కడినుంచి ఎక్కడికి, ఎంత, ఏ టైము నుంచి ఏ టైము వరకు అన్నవి ఉంటాయి. ఒక్క పాసు మీద నాలుగు ట్రిప్పులు కొట్టడం పాత విద్య. మీరు రోడ్డు మీద లారీలు ఆపొద్దు, అది గొడవలకి దారితీస్తుంది, పైగా కేసు మీ మీదకే తిరుగుతుంది. మీ వాకిట్లో నిలబడి తేదీ, టైము కనపడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి చాలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు కదా, ఆ రోజు వెళ్లి ఒకే విషయం మీద నలుగురు సంతకాలతో ఇవ్వండి, రసీదు తీసుకోండి. దుమ్ము, చప్పుడు గురించి వేరే కాగితం కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసుకి ఇవ్వండి, రెండూ ఒకే అర్జీలో పెడితే ఈ శాఖ ఆ శాఖకి పంపించి కూర్చుంటుంది.

అనుమతి ఇవ్వడమే తప్పని మీకు అనిపిస్తే చెన్నైలో ఉన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచికి అప్పీలు చేసుకోవచ్చు. గడువు 30 రోజులు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు. అందుకే పంచాయతీలో కాపీ అంటించారా లేదా అన్నది ముందు తేల్చుకోండి.

ఇంకో మాట, మీరు భీమిలి ప్రాంతమన్నారు. ఎర్రమట్టి దిబ్బలు అక్కడికి దగ్గరే, వాటిని భౌగోళిక వారసత్వ స్థలంగా గుర్తించారు. తవ్వకం ఆ దిబ్బల పక్కన గానీ, సముద్రతీర నియంత్రణ పరిధిలో గానీ, కంబాలకొండ అభయారణ్యం చుట్టుపక్కల గానీ ఉంటే అర్జీలో ఆ సంగతి మొదటి వాక్యంలోనే రాయండి. కింద పదో లైనులో రాస్తే చదివేవాళ్లుండరు.

ప్రశ్న: మా నాన్నగారు ఎప్పుడో గ్రావెల్‌కి ఇచ్చిన ఎకరంన్నర గొయ్యి అలాగే ఉంది. కాంట్రాక్టరు లేడు, కాగితాలూ లేవు. ఇప్పుడు ఒకాయన ఫ్లై యాష్‌తో ఉచితంగా పూడుస్తానంటున్నాడు. తర్వాత ప్లాట్లు వేసుకోవచ్చట. (పరవాడ మండలం)

జవాబు: ఉచితం అన్నచోట కొంచెం ఆగండి. పరవాడలో సింహాద్రి థర్మల్ కేంద్రం 2,000 మెగావాట్లది, బొగ్గు కాలితే బూడిద వస్తుంది, దాన్ని వదిలించుకోవడం బూడిద ఉన్నవాళ్ల అవసరం కూడా. పల్లపు భూములు పూడ్చడానికి ఫ్లై యాష్ వాడొచ్చు, 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ఒప్పుకుంటుంది, కానీ కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ముందు ఉండాలి. మీతో మాట్లాడిన ఆయన దగ్గర ఆ అనుమతి మీ సర్వే నంబరుతో ఉందా? లేకపోతే రేపు బూడిద గాలికి లేచి పక్కింటివాళ్లు ఫిర్యాదు చేస్తే పొలం మీది కాబట్టి జవాబు మీరే చెప్పాలి.

నేనైతే ముందు గోతిలో వేసవిలో నీళ్లుంటున్నాయో లేదో చూస్తాను. మే నెలలో కూడా అడుగున నీళ్లు ఊరుతుంటే అది భూగర్భ జలానికి తగిలిన గొయ్యి, అందులో బూడిద పోస్తే బూడిదలో ఉండే ఆర్సెనిక్‌లాంటివి చుట్టుపక్కల బావుల్లోకి దిగే ప్రమాదం ఉంది. అలాంటిది చెరువుగానే ఉంచి గట్లు వాలు చేయించుకోండి, చుట్టూ కంచె వెయ్యండి. ఎండిపోయే గొయ్యి అయితే అనుమతితో బూడిద పోసి, పొరలు పొరలుగా నీళ్లు చల్లి రోలర్‌తో అణిచి, పైన మంచి మట్టి మందంగా కప్పాలి. ప్లాట్ల మాట మాత్రం పక్కన పెట్టండి. అణచకుండా టిప్పర్‌తో గుమ్మరించిన నేల మీద ఇల్లు కడితే గోడలు పగులుతాయి.

సాగులోకే తెచ్చుకోవాలనుకుంటే, పైమట్టి పోయింది కాబట్టి మొదటి ఏడాది పంట మీద ఆశలు వద్దు. జూన్‌లో తొలి వానలకి జనుము, జీలుగ, పిల్లిపెసర చల్లి పూతకొచ్చాక కలియదున్నండి. ఊరి చెరువులో పూడిక తీస్తుంటే ఆ మట్టి నాలుగు బళ్లు తోలించుకోండి. వాలు గట్ల మీద వట్టివేరు వరసలు, పైన సీతాఫలం, కానుగ, నేరేడు. జీడిమామిడి కూడా వస్తుంది కానీ గొయ్యి అడుగున వెయ్యకండి, నీళ్లు నిలిస్తే బతకదు. తవ్విన నేలని గడ్డి, పశుగ్రాసం, చెట్టూచేమా పెరిగేలా తిరిగి సిద్ధం చేసే షరతు మైనింగ్ లీజుల్లో పెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 8న చెప్పింది. మీ నాన్నగారి గోతికి అది అందకపోయినా, మీ పక్క పొలంలో కొత్తగా లీజు తీసుకునేవాళ్లకి గుర్తుచెయ్యడానికి పనికొస్తుంది.

ప్రశ్న: అనంతగిరి మండలం, గిరిజన కుటుంబం. కింద నుంచి వచ్చిన ఒక వ్యాపారి మా పేరున గ్రావెల్ లీజు తీసి తను నడుపుకుంటానంటున్నాడు. తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి మైనింగ్ లీజులు చెల్లవని సుప్రీంకోర్టు 1997లో సమత కేసులో చెప్పింది, ఆ కేసు మొదలైందే మీ మండలంలోని బొర్రా దగ్గర. చిన్న తరహా ఖనిజాలకి గ్రామసభ లేదా పంచాయతీ ముందస్తు సిఫారసు తప్పనిసరి అని షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల కోసం చేసిన 1996 పీసా చట్టం చెప్తుంది. పేరు మీది, లాభం ఆయనది అయితే దాన్ని బినామీ అంటారు. మీ కుటుంబమో మీ ఊరి గిరిజన సహకార సంఘమో నిజంగా నడుపుకుంటామంటే అది వేరే సంగతి, దానికి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడగండి.

ప్రశ్న: ఇంటి పునాది ఎత్తు చెయ్యడానికి మా ఊరి మెట్ట నుంచి రెండు ట్రాక్టర్ల మట్టి తెచ్చుకుంటే కూడా ఈ పర్యావరణ అనుమతి గొడవంతా ఉందా? (పద్మనాభం)

జవాబు: లేదు. పంచాయతీ పరిధిలో ఆనవాయితీగా సొంత అవసరానికో ఊరి పనికో తీసుకునే మట్టికి పర్యావరణ అనుమతి నుంచి 2016 జనవరి నోటిఫికేషన్‌లోనే మినహాయింపు ఉంది. బావి తవ్వకం, ఉపాధి హామీలో చెరువు పూడికతీత కూడా అంతే. సీనరేజి, పంచాయతీ పర్మిషన్ సంగతి సచివాలయంలో అడిగి తెచ్చుకోండి. చెరువు గర్భంలో, గెడ్డ గట్టున మాత్రం తవ్వొద్దు. అలా తెచ్చుకున్న మట్టి మిగిలిపోయిందని పక్కవాళ్లకి అమ్మితే ఆ క్షణం నుంచి మినహాయింపు వర్తించదు.